శ్రీలంక ట్రిప్పు ప్లాన్ చేసుకోవడం ఎలా: పొద్దున్నే లేవగలిగినవాళ్ళ కోసం

మ్యాప్‌లో చూస్తే శ్రీలంక ఎంతుంటుంది, అరచెయ్యంత. అక్కడే అందరం బోల్తా పడతాం. ఆరు రోజుల్లో పది ఊళ్ళు పెట్టేస్కుంటాం. మొదటిసారి నేనూ అంతే, కొలంబో నుంచి క్యాండీకి 115 కిలోమీటర్లే కదా రెండు గంటల్లో పడిపోతాం అనుకున్నా, మూడున్నర గంటలు పట్టింది, దారంతా ఊళ్ళే, మలుపులే, ముందు బస్సు, వెనక బస్సు. మర్నాడు సిగిరియ కొండకోట దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. ఎండ నడినెత్తిన, సగం మెట్లెక్కి ఒక బండ నీడలో కూలబడి, పైకెళ్ళి దిగొస్తున్న వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నా. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

రెండోసారి వెళ్ళినప్పుడు లెక్క మార్చా. ఎన్ని ఊళ్ళు అని చూడలేదు, ఎన్ని పొద్దుటి పూటలు ఉన్నాయి అని చూశా. ఎందుకంటే అక్కడ చూడాల్సినవి దాదాపు అన్నీ పొద్దున తొమ్మిదిలోపే బావుంటాయి, కొండ మీద మబ్బు దిగకముందు, చిరుత చెట్ల నీడలోకి పోకముందు, గుడి రాళ్ళు కాలకముందు. మీకు ఎనిమిది రోజులున్నాయనుకోండి, మొదటిది విమానం తినేస్తుంది, కాబట్టి మీ చేతిలో ఏడు పొద్దులు. ఒక్కో పొద్దుకి ఒక్కటే పని. మధ్యాహ్నాలు ప్రయాణానికి, నిద్రకి, తిండికి. ఇలా పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది.

ముందు నెల తేల్చుకోండి

శ్రీలంకకి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వాన, అది పడమటి తీరాన్నీ దక్షిణాన్నీ కొండల్నీ తడుపుతుంది. అక్టోబర్ చివర్నుంచి జనవరి దాకా ఈశాన్యం వాన, అది ఉత్తరానికీ తూర్పుకీ. అందుకని "శ్రీలంకకి ఏ నెల మంచిది" అనే ప్రశ్నకి ఒక్క జవాబు లేదు, మీరు ఏ వైపు పోతున్నారన్నదే ముఖ్యం. కొండలు, టీ తోటలు, దక్షిణ తీరంలో గాల్, మిరిస్సా కావాలంటే డిసెంబర్ నుంచి మార్చి. ట్రింకోమలీ, అరుగం బే వైపు సముద్రం కావాలంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్. మధ్యలో ఉన్న సిగిరియ, పాత రాజధానులు పొలొన్నరువ, అనురాధపురం ఎండు ప్రాంతం, ఎప్పుడైనా వెళ్ళొచ్చుగానీ గొడుగు మాత్రం సంచిలో ఉండాలి.

నెలతో పాటు ఇంకోటి చూస్కోండి, పోయ రోజులు. ప్రతి పౌర్ణమీ అక్కడ సెలవు. ఆ రోజు మందు అమ్మరు, గుళ్ళ దగ్గర తెల్ల బట్టల్లో జనం కిటకిట, ట్రైన్లు నిండిపోతాయి. కొందరు పోయ వస్తోందంటే ట్రిప్ డేట్ మార్చేస్కుంటారు, నేనైతే ఏరి కోరి ఆ రోజే పెట్టుకోమంటా. ముఖ్యంగా మే నెల్లో వెసాక్ అయితే వీధి వీధికీ కాగితం లాంతర్లు, రోడ్డు పక్కన దన్సల్ అని ఉచిత భోజనం పందిళ్ళు, కార్లు ఆపి మరీ పిలుస్తారు. పిలిస్తే మొహమాటపడకండి, లైన్లో నిలబడి తినండి, డబ్బులు ఇవ్వబోతే మాత్రం తీసుకోరు.

వీసా, డబ్బు

దీని మీద ఎక్కువ చెప్పను. ఈటీఏ అనే ఆన్‌లైన్ పర్మిట్ కావాలి, అది శ్రీలంక ప్రభుత్వం సొంత సైట్‌లోనే తీసుకోండి, చూడ్డానికి అచ్చం అలాగే ఉండి రెండింతలు గుంజే ఏజెంట్ సైట్లు బోలెడు. ఫీజులూ రూల్సూ తరచూ మారతాయి కాబట్టి ఎవరో పోయినేడు వెళ్ళొచ్చి చెప్పింది నమ్ముకోకుండా టికెట్ కొనే వారంలో చూస్కోండి. పాస్‌పోర్ట్‌కి ఆరు నెలలు గడువు ఉండాలి.

డబ్బు విషయంలో అందరికీ షాక్ ఇచ్చేది ఎంట్రీ టికెట్లు. గది, తిండి, బస్సు అన్నీ చవకే, కానీ విదేశీయులకి సిగిరియ, నేషనల్ పార్కుల టికెట్లు డాలర్లలో లెక్కేస్తారు, పార్కుల్లో దానికి తోడు సర్వీస్ ఛార్జి, టాక్స్, జీప్ అద్దె, అన్నీ కలిపి తడిసి మోపెడవుతుంది. పెద్ద చారిత్రక స్థలాల్లో సార్క్ దేశాల వాళ్ళకి, అంటే మనకీ, తక్కువ రేటు ఉంటుంది, కానీ అడిగితేనే ఇస్తారు, అదీ అసలు పాస్‌పోర్ట్ చూపిస్తేనే. ఫోన్లో ఫొటో చూపిస్తే నడవదు, నాతో వచ్చినాయన పాస్‌పోర్ట్ హోటల్ లాకర్లో పెట్టొచ్చి ఫుల్ రేటు కట్టాడు. పల్లెల్లో, ఆటోల్లో నోట్లే. ఆటో అంటే అక్కడ టుక్‌టుక్, ఊళ్ళలో పిక్‌మీ యాప్‌లో పిలిస్తే బేరం బాధ ఉండదు.

పొద్దులు పంచుకోవడం

నేను పెట్టుకున్న వరుస ఇదీ, మీరు అటూ ఇటూ మార్చుకోండి. విమానం దిగి నేరుగా సిగిరియ వైపు, అక్కడ రెండు పొద్దులు. క్యాండీలో ఒకటి. కొండల్లో వెళ్ళే ట్రైన్‌కి ఒకటి. నువర ఎలియలో ఒకటి హోర్టన్ ప్లెయిన్స్ కోసం. కిందకి దిగాక అడవికి ఒకటి. చివరిది ఎయిర్‌పోర్ట్ దగ్గర.

సిగిరియ మొదటి పొద్దు. గేటు తెరిచే టైముకి టికెట్ కౌంటర్ దగ్గర ఉండాలి, అంతే, ఇందులో బేరం లేదు. అయిదో శతాబ్దంలో కశ్యపుడు అనే రాజు తండ్రిని చంపి, అన్నదమ్ముడు ఎప్పుడు మీద పడతాడో అన్న భయంతో దాదాపు 200 మీటర్ల ఎత్తు బండ నెత్తిన కోట కట్టుకున్నాడు. 1200 మెట్లు పైచిలుకే. సగం దారిలో ఇనప మెట్లు చుట్లు తిరుగుతూ ఎక్కితే అప్సరసల బొమ్మలు కనిపిస్తాయి, అక్కడ ఫొటో తీయనివ్వరు, కాపలా మనిషి పక్కనే ఉంటాడు. దిగాక అద్దం గోడ. ఒకప్పుడు రాజు నడుస్తుంటే నీడ కనపడేంత నున్నగా ఉండేదట. నాకు సిగిరియలో అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే వెయ్యేళ్ళ కిందట చూడ్డానికొచ్చిన మామూలు జనం ఆ బొమ్మల్లోని ఆడవాళ్ళ మీద పద్యాలు రాసి గోడ మీద గీకి పోయారు. సెనరత్ పరణవితాన అనే పండితుడు వాటిలో 685 చదివి 1956లో అచ్చు వేయించాడు. ఇంకేం మనమూ గీకుదాం అనుకోవద్దు, 2015లో ఒకమ్మాయి అలాగే పేరు గీకి జైలుకెళ్ళింది, తర్వాత క్షమాభిక్ష దొరికింది. చివరి మెట్లకి అటూ ఇటూ ఉన్న భారీ సింహం పాదాల దగ్గర "నిశ్శబ్దం" అని బోర్డు ఉంటుంది, అది మర్యాద కోసం కాదు, పైన బండకి పెద్ద పెద్ద కందిరీగల తుట్టెలున్నాయి.

టికెట్ మరీ ఎక్కువ అనిపిస్తే ఎదురుగా పిదురంగల ఉంది, చాలా తక్కువ టికెట్టు, పైనుంచి సిగిరియ బండ మొత్తం కనిపిస్తుంది, సూర్యోదయానికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. చివర్లో బండల మధ్య పాకుతూ ఎక్కాలి, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. కింద గుడి ఉంది కాబట్టి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి.

రెండో పొద్దు దంబుల్లా గుహలకో, పొలొన్నరువకో. రెండూ ఒకే రోజు అంటే చూసినట్టే ఉంటుంది, ఏదీ గుర్తుండదు. పొలొన్నరువలో సైకిల్ అద్దెకి తీసుకుని తిరగండి, గల్ విహార దగ్గర ఒకే బండలో చెక్కిన బుద్ధుడి విగ్రహాలున్నాయి, పడుకున్న బుద్ధుడి తలకింద దిండు కొంచెం నొక్కుకుపోయినట్టు చెక్కారు, రాతిలో ఆ మెత్తదనం దగ్గరికెళ్ళి చూడండి. దంబుల్లా అయితే చెప్పులు గుహల గుమ్మం బయటే వదిలేయాలి, పదకొండు దాటిందా, గుహల ముందు నేల మీద కాలు కాలిన పిల్లిలా గెంతుతారు. మందపాటి సాక్సులు తీసుకెళ్ళండి, సాక్సులతో నడవొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఆగస్టు, సెప్టెంబర్లో వెళ్తే మాత్రం నా పొద్దుల సిద్ధాంతానికి ఒక మినహాయింపు ఉంది. ఎండకి అక్కడికి దగ్గర్లోని మిన్నేరియ పార్కులో చెరువు నీళ్ళు వెనక్కిపోయి లేత గడ్డి మొలుస్తుంది, దానికోసం సాయంత్రాలు వందల ఏనుగులు వస్తాయి. మధ్యాహ్నం మూడుకి జీప్ ఎక్కండి. నీళ్ళు ఎక్కువున్న ఏడు అవి పక్కన కౌడుల్ల పార్కుకో ఇంకో చోటుకో పోతాయి, ఎక్కడున్నాయో జీప్ వాళ్ళకి ఆ రోజుకారోజు తెలుస్తుంది, కాబట్టి వారం ముందే ఒక్క పార్కుకి ఫిక్స్ అయిపోకండి.

క్యాండీలో దళద మాళిగావ, అంటే బుద్ధుడి దంతం ఉన్న గుడి. తెల్లారుజామున అయిదున్నరకి మొదటి పూజ, తర్వాత తొమ్మిదిన్నర, సాయంత్రం ఆరున్నర. సాయంత్రం పూజకి టూరిస్టులు మోకాళ్ళు రాసుకునేంత మంది, తెల్లారుజామున మాత్రం ఊరివాళ్ళే. బయట కలువలో తామరలో కొనుక్కోండి. కింద డోళ్ళు మొదలవుతాయి, చెవులు గింగురుమంటుంటే మీరు పైఅంతస్తులో లైన్లో ఉంటారు, లైను మెల్లగా జరుగుతుంది, మీ ముందు ముసలావిడ రెండు చేతుల్లో పువ్వులు నెత్తిదాకా ఎత్తి పట్టుకుని ఉంటుంది, కిటికీలాంటి గుమ్మం ముందుకి వచ్చేసరికి లోపల బంగారు పేటిక రెండు క్షణాలు మెరుస్తుంది, అంతే, మీ వంతు అయిపోయింది, వెనకవాళ్ళు నెడుతుంటారు. దంతం కనపడదు, అది ఒకదాంట్లో ఒకటి పెట్టిన పేటికల లోపలెక్కడో ఉంటుంది. ఆ రెండు క్షణాల్లో ఫోన్ తీశారో, అదీ పోతుంది.

బయటికొచ్చాక చెరువు చుట్టూ నడవండి. ఈ చెరువు తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహ క్యాండీ చివరి రాజు, 1815లో బ్రిటిష్ వాళ్ళు పట్టుకుపోయారు. ఆయన వాళ్ళ వంశం, అంటే 1739 నుంచి క్యాండీని ఏలిన నాయక్కర్ రాజులు, తెలుగు మూలాలున్న మదురై నాయకుల చుట్టాలు. చాలామందికి ఈ సంగతి తెలీదు, గైడ్లు కూడా అడిగితేనే చెప్తారు.

ట్రైన్ గురించి

క్యాండీ నుంచి ఎల్లా అనే కొండ ఊరికి వెళ్ళే ట్రైన్ టికెట్లు నెల రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతాయి. దొరకలేదని ఏజెంట్‌కి అయిదింతలు కట్టక్కర్లేదు, ఆ రోజు స్టేషన్‌లో రిజర్వేషన్ లేని సెకండ్, థర్డ్ క్లాస్ టికెట్లు ఇస్తారు, నిలబడాల్సి రావచ్చు, సగం మంది మధ్యలో దిగిపోతారు. ఏసీ ఫస్ట్ క్లాస్ వద్దు, కిటికీలు తెరుచుకోవు, ఈ ట్రైన్‌లో గాలి రాకపోతే ఎక్కి ఏం లాభం. ఇంకో కిటుకు, మొత్తం ఒకేసారి కూర్చోకుండా నాను ఓయలో దిగి, పక్కనే ఉన్న నువర ఎలియలో రెండు రాత్రులుండి, మిగతా ముక్క తర్వాత ఎక్కండి. అసలు అందమంతా ఆ రెండో ముక్కలోనే. పట్టిపొల స్టేషన్ 1891 మీటర్ల ఎత్తులో ఉంది, దేశంలో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అదే, దాటగానే సొరంగం, సొరంగం అవతల వాతావరణమే వేరుగా ఉంటుంది. కుండపోత వానలకి ఈ లైన్ మీద కొండచరియలు పడితే సర్వీసులు ఆగిపోతాయి, కాబట్టి హోటళ్ళు బుక్ చేసేముందు రైలు ఎక్కడిదాకా నడుస్తోందో కనుక్కోండి. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు మాత్రం వద్దు, సొరంగం గోడలు చాలా దగ్గరగా ఉంటాయి, అలా పోయినవాళ్ళున్నారు.

హోర్టన్ ప్లెయిన్స్

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటా. 2100 మీటర్ల ఎత్తులో గడ్డి మైదానాలు, గుబురుగా పొట్టి చెట్ల అడవి, మంచు, కణుజులు అనే పెద్ద జింకలు. నువర ఎలియలో పొద్దున అయిదింటికల్లా బండి కదలాలి, డ్రైవర్‌తో ముందురోజే మాట్లాడుకోండి, హోటల్ వాళ్ళకి చెప్తే టిఫిన్ కట్టిస్తారు. స్వెట్టర్, మంకీ క్యాప్ తప్పదు, అందరూ శ్రీలంక అంటే చెమట అనుకుని పల్చటి షర్టులేసుకొచ్చి వణుకుతుంటారు.

గేటు దగ్గర ఒక తతంగం ఉంది. మీ సంచి తెరిచి చూస్తారు. ప్లాస్టిక్ కవర్లు, బిస్కెట్ ప్యాకెట్ల రేపర్లు లోపలికి వెళ్ళవు, బిస్కెట్లు కాగితం సంచిలో పోసి ఇస్తారు. వాటర్ బాటిల్‌కి ఉన్న లేబుల్ కూడా గోటితో సర్రున చింపి డబ్బాలో పడేసి, బోడి బాటిల్ మీ చేతికిస్తారు. చింపే ఆయనకి అది ఎంత అలవాటంటే మీ మొహం కూడా చూడడు. చిరాకు పడకండి, లోపల తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు నడకలో నాకు ఒక్క చాక్లెట్ కాగితం కనపడలేదు.

దారి గుండ్రంగా తిరిగొస్తుంది. ఎటునుంచైనా మొదలెట్టొచ్చు, మీరు మాత్రం వరల్డ్స్ ఎండ్ వైపు ముందు వెళ్ళండి, బేకర్స్ జలపాతం తర్వాత. ఎందుకంటే వరల్డ్స్ ఎండ్ అనేది నిట్టనిలువునా దాదాపు 870 మీటర్ల లోయ, తొమ్మిది దాటితే కింద నుంచి మంచు లేచి ఆ లోయ మొత్తం పాలగిన్నె అయిపోతుంది, అంతదూరం నడిచి తెల్లటి గోడ చూసి రావాలి. జలపాతం మంచులోనూ కనపడుతుంది. అంచు దగ్గర ఎక్కడబడితే అక్కడ కంచెలుండవు, పిల్లల్ని వదలకండి. కణుజులు దగ్గరికొస్తాయి, తిండి పెట్టకండి.

అడవి పొద్దు

చిరుత చూడాలని అందరూ ఆగ్నేయంలో ఉన్న యాల నేషనల్ పార్కు మొదటి బ్లాక్‌కే ఎగబడతారు. చిరుత కనపడిందని ఫోన్ వెళ్ళగానే నలభై జీపులు ఒకే చెట్టు కిందకి వచ్చేస్తాయి, దుమ్ములో చిరుత తోక చూసి చూశాం అనిపించుకోవాలి. ఓపికుంటే వాయవ్యంలో విల్పట్టుకి వెళ్ళండి, విల్లులు అని పిలిచే చిన్న చిన్న సహజమైన చెరువులు, జనం తక్కువ. ఏనుగులే చాలంటే ఉదవలవె పార్కు, ఏడాది పొడుగునా కనపడతాయి. ఎక్కడైనా జీప్ ఎక్కేముందే డ్రైవర్‌కి చెప్పండి, వేరే జీపుల వెనక పరిగెత్తొద్దు, నీళ్ళ దగ్గర ఇంజన్ ఆపి అరగంట ఆగుదాం అని. మొదట నమ్మడు. ఆ అరగంటలో ముంగిసలు, నెమళ్ళు, మొసళ్ళు అన్నీ వాటంతటవే వస్తాయి. అక్కడి వానల్లేని కాలం చివర యాల కొన్ని వారాలు మూసేస్తారు, మామూలుగా సెప్టెంబర్‌లో, డేట్లు చూస్కోండి. ఏనుగు సవారీ అని పిలిచేవాళ్ళ జోలికి పోవద్దు, గొలుసు ఎక్కడ రాసుకుందో ఒకసారి కాలు చూస్తే చాలు మనసు ఒప్పదు.

జీపులు పడనివాళ్ళకి సింహరాజ ఉంది, వానడవి, నడిచే తిరగాలి, గైడ్ లేకుండా వదలరు. ఇక్కడ తమాషా ఏంటంటే రకరకాల పిట్టలు గుంపుగా కలిసి తిరుగుతాయి, అరగంట ఏమీ ఉండదు, ఒక్కసారిగా మీ నెత్తిన పదిహేను రకాలు, అయిదు నిమిషాల్లో మళ్ళీ ఖాళీ. జలగలు పడతాయి, భయపడక్కర్లేదు. జలగ సాక్సులు అమ్ముతారు, వాటి మీద సబ్బో సిద్ధాలేప బామో రుద్దుకోండి. పట్టినదాన్ని కంగారుగా పీకకుండా గోటితో పక్కకి తోస్తే వదిలేస్తుంది, కాసేపు రక్తం కారుతుంది అంతే.

డిసెంబర్ నుంచి మే దాకా అయితే శ్రీపాద కూడా ఒక పొద్దు అడుగుతుంది, యాత్రికులు ఎక్కే 2243 మీటర్ల కొండ. రాత్రి రెండింటికి నల్లతన్ని నుంచి ఎక్కడం మొదలెట్టి సూర్యోదయానికి పైకి చేరాలి, తెల్లారగానే కొండ నీడ మబ్బుల మీద త్రిభుజంలా పడుతుంది. పైన గంట ఉంటుంది, ఎన్నోసారి ఎక్కారో అన్నిసార్లు కొట్టాలి. మేం ఒక్కటి కొట్టాం, మా పక్కన పెద్దాయన కొడుతూనే ఉన్నాడు.

గుళ్ళో, రోడ్డు మీద, భోజనం దగ్గర

బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు, ఇది అక్కడ చాలా సీరియస్. ఒంటి మీద బుద్ధుడి టాటూ ఉంటే కప్పుకోండి, 2014లో చేతి మీద టాటూ ఉందని ఒక బ్రిటిష్ టూరిస్టుని వెనక్కి పంపించేశారు. టోపీ, చెప్పులు తీసేయాలి. జాఫ్నాలో నల్లూరు కందస్వామి గుడికి వెళ్తే మగవాళ్ళు చొక్కా కూడా విప్పాలి. సింహళంలో "ఆయుబోవన్" అంటే నమస్కారం, "స్తూతి" అంటే థాంక్స్. ఉత్తరానికీ తూర్పుకీ వెళ్తే తమిళంలో వణక్కం, నన్రి. టుక్‌టుక్ కుర్రాణ్ణి "మల్లి" అని పిలవండి, తమ్ముడూ అని, రేటు తగ్గకపోవచ్చుగానీ మొహం విచ్చుకుంటుంది.

శాకాహారులకి ఒక హెచ్చరిక. రైస్ అండ్ కర్రీ అంటే అన్నం, పప్పు, నాలుగు కూరలు, అప్పడం, మీకు హాయిగా ఉంటుంది, కానీ కొబ్బరి పచ్చడిలో, అదే పొల్ సంబోల్‌లో, ఉంబలకడ అనే ఎండు చేప పొడి వేస్తారు, కొన్ని కూరల్లోనూ వేస్తారు, అడిగితే "చేప లేదు, కొంచెం పొడి" అంటారు. అందుకే "మస్ ఎపా, మాలు ఎపా, ఉంబలకడ ఎపా" అని మూడూ చెప్పాలి, మాంసం వద్దు, చేప వద్దు, ఆ పొడీ వద్దు అని. గేదె పెరుగు మీద కితుల్ అనే తాటిజాతి చెట్టు పాకం పోసి ఇస్తారు, మట్టి చట్టిలో, దాన్ని మాత్రం వదలకండి.

చివరి పొద్దు

ఎయిర్‌పోర్ట్ పేరుకి కొలంబోగానీ ఉన్నది కటునాయకెలో, నెగొంబో పక్కన. కాబట్టి ఆఖరి రాత్రి కొలంబోలో గది తీసుకుని ట్రాఫిక్‌లో గుండె పట్టుకునే కంటే నెగొంబోలో పడుకోండి. పొద్దున్నే ఆరింటికి చేపల మార్కెట్‌కి నడిచి వెళ్ళండి, పాత చెప్పులేసుకుని, ఎందుకంటే ఆ నీళ్ళ వాసన మంచి బూట్లకి పట్టిందంటే విమానంలో పక్కవాళ్ళకి మీరెక్కడినుంచి వస్తున్నారో చెప్పక్కర్లేదు. ఒడ్డున కొబ్బరి పీచు చాపలు పరిచి ఆడవాళ్ళు చేపలు ఒక్కొక్కటీ వరసగా ఎండకి పేరుస్తుంటారు, ఇసకంతా వెండి రంగులో ఉంటుంది. ఫొటో తీసేముందు అడగండి. ఎనిమిదికల్లా గదికొచ్చి స్నానం చేసి బయల్దేరితే విమానం హాయిగా అందుతుంది.